ప్రాబబుల్ పిచర్స్ పట్టిక: కొన్ని సీజన్లు రోజూ వాడాక

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఏ రోజు ఏ మ్యాచ్ చూడాలో తేల్చుకోవడానికి జట్ల పేర్లకంటే ముందు చూడాల్సింది ఆ రోజు మౌండ్ (బంతి వేసే దిబ్బ) ఎక్కే ఇద్దరు స్టార్టర్ల, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ల పేర్లు. క్రికెట్‌లో టాస్ పడేదాకా తుది పదకొండు మంది ఎవరో ఖాయంగా తెలియదు. ఇక్కడ మాత్రం మొదటి బంతి ఎవరు వేస్తారో చాలా జట్లు రెండు మూడు రోజుల ముందే చెప్పేస్తాయి. ఆ పేర్లన్నీ ఒకచోట చేర్చి లీగ్ అధికారిక సైట్ పెట్టే పట్టికే ప్రాబబుల్ పిచర్స్. ఇన్నాళ్లు వాడాక నా అభిప్రాయం ఇది: రేపటి మ్యాచ్‌కి దాన్ని చాలావరకు నమ్మొచ్చు, ఎల్లుండికి కాస్త చూసుకుని నమ్మాలి, ఆపైన లెక్క మనమే కట్టుకోవాలి. పేరు పక్కన ఇచ్చే అంకెల్లో మొదటిదాన్ని, అంటే గెలుపోటముల్ని, అసలు పట్టించుకోనక్కర్లేదు.

పట్టికలో ఒక్కో మ్యాచ్‌కి ఇద్దరు పిచర్ల పేర్లు, కుడిచేతా ఎడమచేతా, గెలుపోటములు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి వదిలేసి), స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేసినవి), కింద రెండు మూడు వాక్యాల పరిచయం ఉంటాయి. ఆ వాక్యాలను తప్పకుండా చదవండి. గాయం నుంచి తిరిగొస్తున్నాడా, ఈసారి బంతుల లెక్కకి కోత పెడతారా అన్న సంగతులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. ఇండియాలో ఉండి చూసేవాళ్లకి సమయం లెక్క తేలికే. సీజన్ పొడుగునా తూర్పు తీర సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలిపితే చాలు. అక్కడ రాత్రి 7:05 మ్యాచ్ మనకి తెల్లవారుజామున 4:35కి, పడమటి తీరంలో రాత్రి 7:10 మ్యాచ్ మనకి ఉదయం 7:40కి మొదలవుతుంది. బ్యాటింగ్ వరస సాధారణంగా మ్యాచ్‌కి మూడు నాలుగు గంటల ముందు వస్తుంది, అంటే మనకి నడిరాత్రి దాటాక. పడుకునే ముందు చూసిన పేరు లేచేసరికి మారి ఉండొచ్చు కాబట్టి టీవీ పెట్టేముందు ఇంకోసారి చూడాలి.

ఈ పట్టికని బాగా వాడుకోవాలంటే విశ్రాంతి రోజులు లెక్కపెట్టడం రావాలి. మామూలు రొటేషన్‌లో, అంటే వంతులవారీగా వేసే వరసలో, ఐదుగురు స్టార్టర్లు ఉంటారు, ఒకసారి వేసినవాడికి మధ్యలో కనీసం నాలుగు రోజులు ఖాళీ ఇస్తారు. మంగళవారం వేసినవాడు బుధ, గురు, శుక్ర, శని వదిలేసి ఆదివారం మళ్లీ వస్తాడు. ఫాంటసీ ఆడేవాళ్లు వారానికి రెండుసార్లు వేసే పిచర్ కోసం వెతికేది ఇందుకే. సోమవారం స్టార్టర్‌కి శనివారం గానీ ఆదివారం గానీ రెండోసారి దొరుకుతుంది. మంగళవారం స్టార్టర్‌కి మాత్రం ఒక్క రోజు జరిగినా రెండో ఛాన్సు పోయినట్టే. గురువారం జట్టుకి ఆట లేకపోతే యాజమాన్యం ముందు రెండు దారులుంటాయి: ఐదోవాణ్ని దాటేయడం, లేదా అందరికీ ఒక రోజు అదనంగా విశ్రాంతి ఇవ్వడం. ఇప్పుడు ఎక్కువ జట్లు రెండోదానికే మొగ్గుతున్నాయి, దాంతో మంగళవారం వాడు వచ్చే సోమవారానికి జారిపోతాడు. ఏ దారి పట్టారో తెలియాలంటే శుక్ర, శనివారాల్లో ఐదోవాడి పేరు ఉందా లేదా చూస్తే సరిపోతుంది. ఇక డాడ్జర్స్‌లా జపాన్ నుంచి వచ్చిన ఒటానీ, యమమోటో ఉన్న జట్టులో ఐదు రోజులో ఆరు రోజులో విశ్రాంతి ఇవ్వడం మామూలే. జపాన్‌లో స్టార్టర్ వారానికి ఒక్కసారే వేస్తాడు, ఆ అలవాటు మీద పెరిగిన చేతుల్ని ఇక్కడికొచ్చాక ఒక్కసారిగా నాలుగు రోజుల లెక్కలోకి తోయరు.

అధికారిక పట్టిక దగ్గరి రోజులకే. వారం పది రోజుల ముందుచూపు కావాలంటే ఫాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల సైట్ వాళ్ల ప్రాబబుల్స్ గ్రిడ్ ఉంది. జట్లు నిలువుగా, తేదీలు అడ్డంగా ఉండే గడుల పట్టిక అది. కానీ అందులో దూరపు పేర్లు అంచనాలే, జట్టు నోటి నుంచి వచ్చినవి కావు. దాన్ని టికెట్ల కోసం వాడేవాళ్లకి ఒక మాట: ఫలానా పిచర్‌నే చూడాలని ఉంటే మూడు రోజుల ముందు దాకా కొనకండి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ జట్టు ఆడే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి వెళ్తుంటారు, తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచర్ కుమార్ రాకర్‌ని చూడాలన్న ఆశ కూడా కొందరికి ఉంటుంది. అక్కడ కప్పు మూసేసే సదుపాయం ఉంది కనక వాన బెడద లేదు. రొటేషన్ చివర ఉండే కుర్ర పిచర్ల విషయంలో మాత్రం వేరే ఇబ్బంది. ఒకసారి కింది లీగ్‌కి పంపితే, గాయపడ్డ ఆటగాడి స్థానంలో పిలిస్తే తప్ప పిచర్‌ని 15 రోజుల దాకా తిరిగి తెచ్చుకోవడానికి లేదు. గాయాల జాబితాలో పెట్టినా పిచర్‌కి కనీసం 15 రోజులే.

పేరు ఉండాల్సిన చోట టీబీడీ (ఇంకా తేలలేదు) అని ఉంటే విసుక్కోకండి, అదీ సమాచారమే. జూలై మధ్యలో ఆల్‌స్టార్ విరామం తర్వాత చాలా జట్లకి అలాగే ఉంటుంది, ఎందుకంటే వరసంతా కొత్తగా పేరుస్తారు. ఒకే రోజు రెండు మ్యాచ్‌లున్నప్పుడు మామూలు జాబితాకి అదనంగా 27వ ఆటగాడిగా కింది లీగ్ నుంచి ఎవరినో పిలుస్తారు, ఎవరిని ఏ మ్యాచ్‌లో వాడాలన్నది ఆఖరు దాకా తేల్చరు. మిగతా సందర్భాల్లో టీబీడీ అంటే ఎక్కువగా బుల్‌పెన్ రోజు (మామూలుగా మధ్యలో వచ్చే రిలీవర్లే మ్యాచంతా పంచుకుని వేసేది), లేదా ఓపెనర్ (మొదట కాసేపటికే దింపే రిలీవర్). 2018 మే 19న టాంపా బే రేస్ జట్టు ఏంజెల్స్ మీద రిలీవర్ సర్జియో రోమోతో మొదలుపెట్టి, ఒక్క ఇన్నింగ్స్‌కే అతన్ని ఆపేసి, రాయన్ యార్బ్రోని తెచ్చింది. మర్నాడు మళ్లీ రోమోయే స్టార్టర్. అప్పట్నుంచి పట్టికలో రిలీవర్ పేరు కనబడితే ఆ రోజు అసలు పని ఎవరిదో వేరేగా వెతకాల్సిందే. గుర్తుపట్టడం కష్టం కాదు: ఆ సీజన్‌లో ఆడిన మ్యాచ్‌ల సంఖ్య, వేసిన ఇన్నింగ్స్ సంఖ్య ఇంచుమించు సమానంగా ఉంటే అతను స్టార్టర్ కాడు. గెలుపు కూడా అతని ఖాతాలో పడదు, స్టార్టర్‌కి గెలుపు రాయాలంటే ఐదు ఇన్నింగ్స్ పూర్తవ్వాలి.

ఇక అంకెలు. పేరు పక్కన మొట్టమొదట కనిపించే గెలుపోటములు పిచర్ గురించి చెప్పేది చాలా తక్కువ. పిట్స్‌బర్గ్ పాల్ స్కీన్స్ 2025లో 10-10, ఈఆర్ఏ 1.97. ఆ ఏడాది నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) ఏకగ్రీవంగా అతనికే వచ్చింది. 2018లో మెట్స్ తరఫున జేకబ్ డిగ్రోమ్ 10-9, ఈఆర్ఏ 1.70, అతనికీ అదే అవార్డు. తన జట్టు పరుగులు చెయ్యకపోతే పిచర్ ఏం చేస్తాడు? ఈఆర్ఏ కొంత నయం, కానీ ఫీల్డర్ల పనితనం, అదృష్టం అందులో కలిసిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క చెడ్డ రోజు దాన్ని తలకిందులు చేసేస్తుంది. అందుకే ఫీల్డర్ల ప్రమేయం లేనివాటితోనే కట్టే ఎఫ్ఐపీ అన్న లెక్కని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. హోమ్ రన్‌కి 13, వాక్‌కి (నాలుగు చెడ్డ బంతులతో ఊరికే ఇచ్చిన బేస్‌కి) గానీ ఒంటికి తగిలిన బంతికి గానీ 3 కలిపి, స్ట్రైకౌట్‌కి 2 తీసేసి, వచ్చినదాన్ని ఇన్నింగ్స్‌తో భాగించి, ఈఆర్ఏ కొలతలోకి తేవడానికి దాదాపు 3.1 కలుపుతారు. ఈఆర్ఏ 2.40, ఎఫ్ఐపీ 4.20 ఉన్నవాడు మున్ముందు దెబ్బ తినే అవకాశం ఎక్కువ.

నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఇంకా సులువైన లెక్క: ఎదుర్కొన్న బ్యాటర్లలో స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ శాతం తీసేయడం. వందమందిలో 27 మందిని స్ట్రైకౌట్ చేసి ఏడుగురికి వాక్ ఇస్తే 20. లీగ్ సగటు 14 దగ్గర ఉంటుంది. 20 దాటితే ఆ మ్యాచ్ కోసం అలారం పెట్టుకోవచ్చు, పది లోపుంటే ఈఆర్ఏ ఎంత అందంగా ఉన్నా నమ్మను. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఎన్ని స్ట్రైకౌట్లు అన్న పాత లెక్కతో చిక్కేంటంటే, హిట్లు ఎక్కువ ఇచ్చేవాడు ఒక్కో ఇన్నింగ్స్‌లో ఎక్కువమందిని ఎదుర్కొంటాడు, కాబట్టి అతని స్ట్రైకౌట్లు ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తాయి. పట్టికలో లేనిది, తప్పకుండా వెతకాల్సినది ఫాస్ట్‌బాల్ వేగం. సీజన్ సగటు కంటే గత రెండు మ్యాచ్‌ల్లో గంటకి ఒకటిన్నర, రెండు మైళ్లు తగ్గితే ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి. లీగ్ గణాంకాల సైట్ బేస్‌బాల్ సావంట్‌లో ఇది బంతి రకం వారీగా దొరుకుతుంది.

సావంట్‌కి సొంత ప్రాబబుల్ పిచర్స్ పేజీ కూడా ఉంది. ఎదుటి జట్టు ఇప్పటి బ్యాటర్లు ఈ పిచర్‌ని గతంలో ఎలా ఆడారో అందులో చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, తీర్పుకి మాత్రం వద్దు. ఎనిమిదిసార్లు బ్యాటింగ్‌కి వచ్చి నాలుగు హిట్లు కొట్టినవాడి సగటు .500 అని కనిపిస్తుంది, అందులో రెండు మూడేళ్ల కిందటివి అయి ఉండొచ్చు, అప్పుడు ఆ పిచర్ వేసే బంతులే వేరు. ఆ పేజీలో సగటుకన్నా ఎక్స్‌వోబా (బంతిని కొట్టిన తీరునిబట్టి రావాల్సిన ఫలితం అంచనా), బంతి బ్యాట్ మీంచి వెళ్లిన వేగం చూడటం మంచిది. అంతకంటే గట్టి ఆధారం చేతివాటం. ఎడమచేతి స్టార్టర్ వస్తున్నాడంటే ఎదుటి జట్టు కుడిచేతి బ్యాటర్లతో వరస నింపుతుంది, ఆ వరస పడ్డాకే అంచనా వేయాలి.

మైదానం సంగతి తేలికగా తీసుకోవద్దు. డెన్వర్ కూర్స్ ఫీల్డ్‌లో పైఅంతస్తులో ఒక ఊదారంగు సీట్ల వరస ఉంది, అది సముద్రమట్టానికి సరిగ్గా 5,280 అడుగుల ఎత్తు. గాలి పల్చన కాబట్టి కర్వ్‌బాల్ సరిగా తిరగదు, కొట్టిన బంతి ఎక్కువ దూరం పోతుంది. అక్కడ ఒక మ్యాచ్ ఆడి వచ్చినవాడి ఈఆర్ఏ చూసి తీసిపారేయకండి. వాన మీద మాత్రం ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: మొదలుకాకముందే వాయిదా పడితే సాధారణంగా అదే స్టార్టర్ మర్నాడు వస్తాడు. రెండు ఇన్నింగ్స్ అయ్యాక గంటకి పైగా ఆగితే అతను తిరిగి రావడం అరుదు, పైగా వంతు ఖర్చైపోయినట్టే, మిగతా వరసంతా కదులుతుంది.

ఇంత చూసినా స్టార్టర్ చేతిలో ఉండేది సగం మ్యాచే. ఇప్పుడు సగటున ఒక స్టార్టర్ ఐదు ఇన్నింగ్స్‌కి కాస్త పైన వేస్తాడు. పదిహేను అవుట్లు, దారిలో ఆరుగురు బేస్ ఎక్కినా 21 మంది. అంటే వరసలో మొదటి ముగ్గురు మూడోసారి కనిపించేసరికి మేనేజర్ చెయ్యి బుల్‌పెన్ ఫోన్ మీదకి పోతుంది, ఎందుకంటే మూడోసారి చూసిన బ్యాటర్ బాగా ఆడతాడని అన్ని జట్ల లెక్కలూ చెబుతున్నాయి. అందుకే రెండు పేర్లతో పాటు గత మూడు రోజుల్లో బుల్‌పెన్‌లో ఎవరెవరు వేశారో చూడాలి. వరసగా రెండు రోజులు వేసిన క్లోజర్‌ని (ఆఖరి ఇన్నింగ్స్ వేసేవాణ్ని) మూడో రోజు దింపడం తక్కువ.

అక్టోబర్‌లో ఈ పట్టిక విలువ ఇంకా తగ్గుతుంది. 2025 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌కి ప్రకటించిన స్టార్టర్లు డాడ్జర్స్ తరఫున ఒటానీ, టొరంటో తరఫున మాక్స్ షెర్జర్. మూడు రోజుల విశ్రాంతితోనే దిగిన ఒటానీ మూడో ఇన్నింగ్స్ పూర్తి చెయ్యలేదు. 11 ఇన్నింగ్స్ దాకా సాగిన ఆ మ్యాచ్‌ని 5-4తో ముగించింది యమమోటో, ముందురోజు ఆరో మ్యాచ్ స్టార్టర్‌గా 96 బంతులు వేసినవాడు. ప్లేఆఫ్స్‌లో నేను పట్టికతో పాటు జట్టులోని పిచర్లందరికీ ఒక కాగితం రాసుకుంటాను: పేరు, చివరిగా వేసిన తేదీ, బంతుల సంఖ్య. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ కాగితం అవసరం ఉండదు.