మొదటి తుపాకి ఊళ్లోని దుకాణంలో కొనడం మేలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మేలా?

అమెరికాలో ఆన్‌లైన్‌లో తుపాకి కొంటే అది చెప్పుల జత వచ్చినట్టు అట్టపెట్టెలో ఇంటి గుమ్మం ముందుకే వచ్చేస్తుందని మన తెలుగువారిలో చాలామంది నమ్ముతారు. టెక్సాస్‌కు వచ్చిన కొత్తలో నేనూ అలాగే నమ్మాను. మా ఊళ్లో లైసెన్సు తుపాకి ఉన్న ఇల్లు ఒక్కటే ఉండేది. ఎన్నికల ప్రకటన వచ్చిందంటే ఆ ఇంటి పెద్దాయన దాన్ని పాత పంచెలో చుట్టి పోలీసు స్టేషనుకు తీసుకువెళ్లి అప్పగించి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని తిరిగి వచ్చేవారు. ఆ దృశ్యం చూస్తూ పెరిగిన నాకు కంప్యూటరు తెరమీద పిస్తోలు బొమ్మ, దాని కింద ధర, పక్కనే కొనమని పిలిచే బటను కనిపించినప్పుడు కలిగిన తడబాటు ఇప్పటికీ గుర్తుంది. గ్రీన్ కార్డు వచ్చిన తరువాత ఒక పిస్తోలును ఊళ్లోని దుకాణంలోనూ, ఒక రైఫిలును ఆన్‌లైన్‌లోనూ కొన్నాను. మొదటిసారి కొనేవారికి ఈ రెంటిలో ఏది మేలో ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఒకప్పుడు తుపాకి నిజంగానే పోస్టులో వచ్చేది. 1963లో లీ హార్వే ఆస్వాల్డ్ ఒక మారుపేరుతో షికాగోలోని దుకాణానికి పత్రికలోని కూపన్ నింపి పంపి, దుర్భిణితో సహా 19 డాలర్ల 95 సెంట్ల ధర ఉన్న ఇటాలియన్ రైఫిలును డాలస్‌లోని పోస్టు బాక్సుకు తెప్పించుకున్నాడు. అధ్యక్షుడు కెనడీని చంపింది ఆ రైఫిలుతోనే. 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం ఆ దారిని మూసివేసింది. పాత తుపాకులు సేకరించేవారికి ఇచ్చే ప్రత్యేక లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, మరో రాష్ట్రం నుంచి వచ్చే తుపాకి ఫెడరల్ లైసెన్సు ఉన్న వ్యాపారి చేతుల మీదుగానే మనకు అందాలి. ఇక్కడ అందరూ ఆ వ్యాపారిని ఎఫ్‌ఎఫ్‌ఎల్ అంటారు. అంటే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టిన తరువాత అమ్మినవారు సరుకును మన ఊళ్లో మనం ఎంచుకున్న ఎఫ్‌ఎఫ్‌ఎల్‌కు పంపుతారు. ఆయన తన రిజిస్టరులో రాసుకుని మనకు ఫోను చేస్తారు. మనం గుర్తింపు కార్డుతో వెళ్లి, 4473 అనే ఫారం నింపి, 1998 నుంచి ఎఫ్‌బీఐ నడుపుతున్న నేరచరిత్ర తనిఖీకి లోబడి, ఫీజు కట్టి తెచ్చుకుంటాం. దుకాణంలో కొన్నా అదే ఫారం, అదే తనిఖీ. కాబట్టి ఆన్‌లైన్ కొనుగోలు అంటే చట్టం కన్నుగప్పే అడ్డదారి అనుకోవడం పొరపాటు. రెంటికీ ఉన్న అసలు తేడా, మనం వస్తువును ఎంచుకునే వేళ మన పక్కన ఎవరున్నారన్నదే.

ధర సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ఉదాహరణకు ఆన్‌లైన్‌లో 430 డాలర్లున్న పిస్తోలు ఊళ్లో 480 ఉందనుకుందాం. పంపించే ఖర్చు 15, అందుకుని కాగితాలు నడిపే వ్యాపారి తీసుకునే ట్రాన్స్‌ఫర్ ఫీజు 35 కలిపితే రెండూ ఒకచోటికే వస్తాయి. వేరే రాష్ట్రం నుంచి తెప్పిస్తే అమ్మకపు పన్ను తప్పుతుందన్న పాత లెక్క కూడా 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన వేఫేర్ తీర్పుతో దాదాపుగా పోయింది; టెక్సాస్‌లో ఆ పన్ను 8.25 శాతం దాకా ఉంటుంది. ఖరీదైన తుపాకుల్లో, పండుగ తగ్గింపుల్లో ఆన్‌లైన్ ధర నిజంగానే కలిసి వస్తుంది. మామూలు పిస్తోలుకు మాత్రం యాభై డాలర్ల తేడా చూసి నిర్ణయం తీసుకోవద్దు.

నిర్ణయం తీసుకోవలసింది చేతిని బట్టి. నేను నెలల తరబడి వీడియోలు చూసి గ్లాక్ 19 పిస్తోలు కొనాలని స్థిరపడిన తరువాత, ఇంట్లో తాను కూడా వాడవలసిన వస్తువు కదా అని నా భార్య దుకాణానికి తోడు వచ్చింది. కౌంటరు వెనుక ఉన్న పెద్దమనిషి పిస్తోలును బల్ల మీది రబ్బరు చాప మీద పెట్టి, తూటాలు ఉండే మ్యాగజైన్ తీసి పక్కన ఉంచి, పిస్తోలు పైభాగంలో వెనక్కి జరిగే స్లైడును లాగి నిలిపి, లోపలి గదిలో తూటా లేదని మాకు చూపించి, అది చాలక తన చిటికెన వేలు పెట్టి తడిమి, ఆ తరువాతే మా చేతికిచ్చారు. నాకు బాగానే కుదిరింది. నా భార్య ఎంత లాగినా స్లైడు సగం దాకా వచ్చి జారిపోయేది. బొటనవేలితోనూ చూపుడువేలితోనూ గిల్లినట్టు పట్టుకోకుండా అరచెయ్యి మొత్తం పైనుంచి వేసి, రెండో చేత్తో పిడిని ముందుకు తోయమని ఆయన ఓపికగా చూపించారు. అయినా నాలుగోసారికి ఆమె మణికట్టు నొప్పి పుట్టింది. అప్పుడాయన లోపలినుంచి స్మిత్ అండ్ వెసన్ వారి షీల్డ్ ఈజీ తెచ్చి ఇచ్చారు. స్లైడు సులువుగా లాగగలిగేట్టు తయారుచేసిన పిస్తోలు అది. ఆమె మొదటిసారే పూర్తిగా లాగి, తిరిగి నావైపు చూసింది. మేము కొన్నది దాన్నే. ఏ వీడియో అయినా ఆ తుపాకి ఎలా ఉంటుందో చెబుతుంది గాని, మన ఇంటి మనిషి మణికట్టు సంగతి దానికి తెలియదు. అద్దెకు తుపాకులిచ్చే షూటింగ్ రేంజి ఆ దుకాణానికే అనుబంధంగా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే పట్టుకున్నప్పుడు నచ్చినది కాల్చినప్పుడు నచ్చకపోవడం తరచుగా జరుగుతుంది.

ఆన్‌లైన్‌లో నాకు ఎదురైన ఇబ్బంది వేరొకటి. సాధన కోసం .22 రైఫిలు కావలసి వచ్చి, వాడినది ఒకటి ఫొటోలు చూసి కొన్నాను. ఎఫ్‌ఎఫ్‌ఎల్ దగ్గర పెట్టె తెరిచి, బారెలు అనే గొట్టం కర్రను కలిసే చోట కింది వైపు దీపం వేసి చూస్తే, పొడవునా ఎర్రటి తుప్పు కనిపించింది. పెట్టిన ఫొటోలన్నీ పైవైపు నుంచి తీసినవే. ఫారం నింపకముందే చూశాను కాబట్టి అది వెనక్కి వెళ్లింది గాని, రానుపోను ఖర్చు నాదే అయింది. ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి: 4473 పూర్తయి తుపాకి మన పేరుకు మారిన మరుక్షణం నుంచి అది వాడిన వస్తువు కిందే లెక్క, అమ్మినవారిలో చాలామంది ఇక దాన్ని వాపసు తీసుకోరు. కొత్తదైతే తయారీ కంపెనీ వారంటీ ఉంటుంది, బాగుచేసిన తుపాకిని కంపెనీ నేరుగా యజమాని ఇంటికి పంపడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. ఆ తరువాత నేను కొత్త రూగర్ 10/22 రైఫిలును ఆన్‌లైన్‌లోనే తెప్పించాను. ఏ మోడలు కావాలో, ఏ పొడవు బారెలు కావాలో ముందే తెలుసు కాబట్టి ఏ చిక్కూ రాలేదు.

ఎడమచేతి వాటం వారికి సరిపడే రైఫిలు, తయారీ ఆగిపోయిన పాత మోడలు వంటివి చిన్న ఊరి దుకాణంలో దొరకడం కష్టం. అలాంటివాటికి ఆన్‌లైన్‌దే పైచెయ్యి. పెద్ద మొత్తంలో తూటాలు కొనేవారికి కూడా అక్కడే చవక; చాలా రాష్ట్రాల్లో తూటాలు ఇంటికే వస్తాయి, కొన్ని రాష్ట్రాలు మాత్రం అందుకు అడ్డు చెబుతాయి. అయితే అసలు దుకాణాల ఫొటోలను, పేర్లను దొంగిలించి నడిపే నకిలీ సైట్లు ఉన్నాయి. మరెక్కడా లేనంత తక్కువ ధర చూపించి, కార్డు వద్దని, బ్యాంకు ఖాతానుంచి నేరుగా డబ్బు పంపే జెల్ ద్వారానో క్రిప్టోలోనో డబ్బు పంపమంటే అక్కడే ఆగిపోవాలి. అమ్మేవారి లైసెన్సు నిజమైనదో కాదో తుపాకి వ్యాపారుల లైసెన్సులు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నడిపే ఈజీ చెక్ పేజీలో చూసుకోవచ్చు. ఒకే రాష్ట్రంలోని మామూలు వ్యక్తులు ప్రకటనలు పెట్టి అమ్ముకునేవి మరో రకం. టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో వాటికి తనిఖీ తప్పనిసరి కాదు. తప్పనిసరి కాకపోయినా ఎఫ్‌ఎఫ్‌ఎల్ దగ్గర ఆ ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టి తనిఖీతోనే మార్పించుకోమని నా గట్టి సలహా, ఎందుకంటే ఆ తుపాకి పాత చరిత్ర ఏమిటో, మనం అమ్మితే అది ఎవరి చేతిలోకి పోతుందో మనకు తెలియదు.

మనవారికి అన్నిటికంటే ముఖ్యమైన విషయం వీసా. హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4, పర్యాటక వీసా, ఇవన్నీ చట్టం దృష్టిలో తాత్కాలిక వీసాలే. వాటిమీద ఉన్నవారు తుపాకిని గాని తూటాలను గాని కలిగి ఉండటం ఫెడరల్ నేరం. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా వాటిమీద ఆధారపడవద్దు. కొనకుండా రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఇందులోకే వస్తుంది. ఫ్లోరిడాలో చదువు ఆగిపోయి విద్యార్థి హోదా కోల్పోయిన రెహైఫ్ అనే యువకుడు షూటింగ్ రేంజికి వెళ్లి కాల్చినందుకే కేసులో ఇరుక్కున్నాడు. అతని హోదా అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది గాని, అంతదాకా పోరాడవలసి రావడమే పెద్ద శిక్ష. మా నాన్నగారు పర్యాటక వీసా మీద వచ్చి, రేంజికి తానూ వస్తానని ముచ్చటపడ్డప్పుడు నేను తీసుకువెళ్లలేదు. ఆయన నొచ్చుకున్నారు, కారణం వివరించాక ఒప్పుకున్నారు. తుపాకి కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించివేయడానికి అది కారణం కాగలదు.

ఇక్కడే దుకాణం విలువ మళ్లీ తెలుస్తుంది. తాత్కాలిక వీసా మీద ఉన్న స్నేహితుడి డబ్బుతో, ఆ స్నేహితుడి కోసం, పౌరసత్వం ఉన్నవారు తమ పేరుమీద కొనిపెట్టడం మంచి మనసుతో చేసినా స్ట్రా పర్చేజ్ అనే నేరమే, దానికి 2022 చట్టం 15 ఏళ్ల దాకా జైలు శిక్ష విధించింది. ఆన్‌లైన్‌లో మోడలు ఎంచుకుని డబ్బు కట్టేసిన తరువాత, అసలు కొనేది ఎవరు అన్న ప్రశ్న ఫారంలో ఎదురైతే అప్పటికే ఆలస్యమవుతుంది. కౌంటరు దగ్గర అయితే ఆ ప్రశ్న మొదటి మాటల్లోనే వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సులో పాత అపార్ట్‌మెంటు చిరునామా ఉందని, గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఈ ఫారం దృష్టిలో కాదని వారే ముందు చెబుతారు. ఒకే పేరున్నవారు వేలమంది ఉండే మనవారికి తనిఖీలో తరచుగా జాప్యం జరుగుతుంది. అలాంటివారు ఎఫ్‌బీఐకి దరఖాస్తు చేసి యూపిన్ అనే ప్రత్యేక సంఖ్య తెచ్చుకోవచ్చని నాకు చెప్పింది కూడా ఆ పెద్దమనిషే. ఎడిసన్‌లో ఉన్నవారికి న్యూజెర్సీ అనుమతి పత్రాలు ముందే కావాలి, ఫ్రీమాంట్‌లో ఉన్నవారు కాలిఫోర్నియా నిబంధన ప్రకారం పది రోజులు ఆగాలి, ఇల్లినాయ్‌లో తుపాకి ఉంచుకునేవారికి ఆ రాష్ట్రం ఇచ్చే ఫాయిడ్ కార్డు లేనిదే మాటే లేదు. ఆన్‌లైన్ సైట్లు ఇవి చూపిస్తాయి, అయితే చదివి అర్థం చేసుకోవలసిన భారం మనమీదే ఉంటుంది.

దుకాణం వైపు నన్ను పూర్తిగా మొగ్గేలా చేసిన సంగతి ఇంకొకటి ఉంది. 2009లో న్యూ హాంప్‌షైర్‌లో వారం తిరగకముందే ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఒకే దుకాణంలో తుపాకులు కొని, కొన్ని గంటల్లోనే తమ ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుకాణదారు కుమిలిపోయి ఊరుకోలేదు. ప్రజారోగ్య నిపుణులతో కలిసి, కొనేవారి ముఖంలో, మాటలో ఏ గుర్తులు కనిపిస్తే అమ్మకం ఆపాలో తోటి వ్యాపారులకు నేర్పే పనికి పూనుకున్నారు; ఆ పని తరువాత ఇతర రాష్ట్రాలకూ పాకింది. అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అనుమానం వస్తే అమ్మనని చెప్పే హక్కు వ్యాపారికి ఉంది, ఆ హక్కు వాడడానికి ఆయన మనిషిని చూడాలి, మాట్లాడాలి. ఆన్‌లైన్ సరుకును అందించే ఎఫ్‌ఎఫ్‌ఎల్ కూడా చూస్తారు గాని, ఆ ఐదు నిమిషాల చూపు వేరు, పిస్తోలు ఎందుకు కావాలో అడుగుతూ గంటసేపు కూర్చోబెట్టుకున్న చూపు వేరు.

అందుకే మొదటి తుపాకి, అందులోనూ ఇంట్లో ఇద్దరు వాడవలసిన పిస్తోలు, ఊళ్లోనే కొనండి. రెండోదాన్ని, ఏది కావాలో కచ్చితంగా తెలిసిన తరువాత, ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. అప్పుడైనా డబ్బు కట్టే ముందు మీ ఎఫ్‌ఎఫ్‌ఎల్‌కు ఫోను చేసి, ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎంతో, ఎన్ని రోజులు తన దగ్గర ఉంచుతారో, ఫారం నింపకముందే పెట్టె తెరిచి చూడనిస్తారో లేదో అడిగి, ఆయన పేరు రాసుకోండి.