చికో బీర్లకి లెక్కల మాస్టారి మార్కులు

కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్ నుంచి ఉత్తరాన చికో అనే ఊరికి ట్రాఫిక్ లేకపోతే మూడు గంటల పైచిలుకు. బీరు కోసం అంత దూరం పోవడమేంటి, అదే బీరు మన వీధి చివర సూపర్ మార్కెట్లో పడి ఉంటుంది కదా అని ఆఫీసులో అందరూ అడిగారు. నిజమే, చికోలోని సియెర్రా నెవాడా బ్రూవరీ (బీరు కాచే ఫ్యాక్టరీ) వాళ్ల పేల్ ఏల్ అనే లేత రంగు బీరు పెట్టని షాపు కాలిఫోర్నియాలో అరుదు. ఎక్కడా దొరకని బీరు మీద నాకంత మోజు లేదు. ఎప్పుడూ తాగేదే అది తయారైన చోట తాగితే తేడా తెలుస్తుందా, తెలిస్తే ఎంత అన్నదే నా కుతూహలం.

చలికాలమంతా మా ఇంట్లోనే ఉన్న బాబాయి "నేనూ వస్తాన్రా" అని బయల్దేరాడు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, కొంచెం వరి పొలం ఉంది. పిన్నికి మాత్రం బాదం పూలు చూడ్డానికి వెళ్తున్నామని చెప్పాం. అందులో అబద్ధమేం లేదు. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి దాకా చికో చుట్టుపక్కల బాదం తోటలన్నీ విరగబూసి ఉంటాయి.

సాక్రమెంటో దాటి 99వ నంబరు హైవే ఎక్కాక చాలా దూరం వరి చేలే. కోతలు ఎప్పుడో అయిపోయాయి, మోళ్ల మీద నీళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ కూడా గడ్డి తగలబెట్టేవాళ్లు. పొగతో గొడవలై 1991లో చట్టం తెచ్చి బాగా తగ్గించేశారు. ఇప్పుడు నీళ్లు పెట్టి గడ్డిని చేలోనే కుళ్లనిస్తున్నారు. ఆ నీళ్లలో చలికాలానికి వలస వచ్చిన తెల్లటి పెద్ద బాతులు. కారు చప్పుడుకి ఒక్క మూల లేచాయంటే చేను మొత్తం లేస్తుంది. బిగ్స్ అనే చిన్న ఊళ్లో 1912 నుంచి వరి పరిశోధన కేంద్రం నడుస్తోంది, ఇక్కడి వాళ్లు ఇష్టంగా తినే కాల్‌రోజ్ రకం అక్కడిదే. నారుమళ్లు, ఊడ్పులు ఏవీ లేవనీ, నానబెట్టిన విత్తనాలు నీళ్లున్న చేలో విమానంతో చల్లుతారనీ చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎకరానికి ఎంత పడుతుందో కనుక్కో" అన్నాడు.

మధ్యలో యూబా సిటీలో భోజనానికి ఆగాం. పంజాబీలు వందేళ్లకి పైగా స్థిరపడి ఉన్న ఊరు కాబట్టి తిండికి లోటు లేదు. పరాఠా, పెరుగు, ఊరగాయ తిని కడుపు నింపుకున్నాం. ఖాళీ కడుపుతో బ్రూవరీకి వెళ్లొద్దని నా సలహా. గ్రిడ్లీ దాటాక చికో దాకా అక్కడక్కడా బాదం తోటలు. చెట్ల కింద రాలిన రేకులు, గట్ల మీద వరసగా తేనెటీగల పెట్టెలు. పరాగ సంపర్కం కోసం ఆ పెట్టెల్ని వేరే రాష్ట్రాల నుంచి కూడా లారీల్లో తెస్తారు. పిన్నికి పంపడానికి ఫొటోలు తీసుకున్నాం. సాక్ష్యం ఉండాలి కదా.

బస సంగతి. చికోలో దిగడానికి రెండు చోట్లు చూసుకోవచ్చు. ఒకటి యూనివర్సిటీ పక్కన డౌన్‌టౌన్, రెండోది హైవే దగ్గర ఈస్ట్ 20వ వీధి వైపు. డౌన్‌టౌన్ అందంగా ఉంటుంది, సాయంత్రం తిరగడానికి షాపులూ కాఫీ కొట్లూ ఉంటాయి. కానీ బ్రూవరీ ఉన్నది ఈస్ట్ 20వ వీధిలో. బీరు కోసం వచ్చేవాళ్లు నడిచి వెళ్లి నడిచి వచ్చేలా దిగడమే మంచిది. ఇక్కడ రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతమో అంతకన్నా ఎక్కువో ఉండి స్టీరింగ్ పట్టుకుంటే కేసే, వీసా మీద ఉన్నవాళ్లకి అదింకా పెద్ద తలనొప్పి. అందుకని మేం హైవే పక్క మోటెల్లోనే దిగాం. మోకాళ్ల నొప్పులున్నాయి, కింది అంతస్తులో గది కావాలని ఫోన్లో చెబితే సరేనన్నారు. తీరా వెళ్తే పైనే ఇచ్చారు, లిఫ్టు లేదు. హీటరు రాత్రంతా గురగురలాడుతూనే ఉంది. పొద్దున టిఫిన్ అంటే ప్లాస్టిక్ కప్పులో పిండి పోసుకుని మనమే కాల్చుకునే వాఫుల్. బాబాయి 100కి 40 వేశాడు, అందులో 30 బ్రూవరీకి దగ్గరగా ఉన్నందుకే. మే నెలలో యూనివర్సిటీ పట్టాల పండగప్పుడు మాత్రం ఏ గది దొరికినా తీసుకోవాల్సిందే.

బ్రూవరీ చూపించే టూర్‌కి ముందే ఆన్‌లైన్‌లో పేర్లు రాయించుకోవాలి, శని ఆదివారాలైతే మరీను. గేటు దగ్గరికి రాకముందే ఉడుకుతున్న మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసన వీధి మీదకే వచ్చింది. గైడ్ అమ్మాయి చదివినట్టు కాకుండా మామూలుగా మాట్లాడుతూ చెప్పింది. కెన్ గ్రాస్‌మన్ అనే ఆయన 1976లో చికోలో ఇంట్లో బీరు కాచుకునే సరుకులమ్మే కొట్టు పెట్టాడు. అప్పటికి ఇంట్లో బీరు చేసుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాకే అది చట్టబద్ధమైంది. మరుసటి ఏడాదే పాల్ కముసీతో కలిసి గ్రాస్‌మన్ ఈ కంపెనీ పెట్టాడు. డబ్బుల్లేక పాల డెయిరీల్లో వాడి పారేసిన ట్యాంకులు కొని, వెల్డింగ్ తనే చేసుకున్నాడు. 1980 నవంబరులో కాచిన మొదటి బీరు స్టౌట్ అనే నల్ల బీరు. పేల్ ఏల్ కుదరక మొదట్లో బ్యాచ్‌ల మీద బ్యాచ్‌లు పారబోశారట. ఇప్పుడు హాల్లో నిగనిగలాడుతున్న పెద్ద రాగి గంగాళాల మూలాలు జర్మనీలో మూతపడ్డ ఒక బ్రూవరీలో ఉన్నాయి. ఇంత పెద్దదైనా ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

టూర్‌లో నాకు బాగా గుర్తున్నది హాప్స్ గది. చల్లగా ఉంటుంది, బస్తాల్లో ఎండిన హాప్ పూలు. గైడ్ ఒక్కొక్కరి అరచేతిలో రెండు మూడు పూలు పెట్టి, గట్టిగా నలిపి వాసన చూడమంది. నలిపితే రేకుల మధ్య పసుప్పచ్చటి పొడి బయటికొచ్చి చేతికి జిగురుగా అంటుకుంది. బీరులో చేదూ వాసనా రెండూ ఆ పొడిలోంచి వచ్చేవే. హాప్స్‌ని ఎక్కువసేపు మరగబెడితే చేదు దిగుతుంది, చల్లారాక వేస్తే వాసన నిలుస్తుంది. మేం నలిపిన రకం కాస్కేడ్, 1972లో విడుదలైన అమెరికన్ రకం, పేల్ ఏల్‌కి ప్రాణం అదే. వాసన అచ్చం పంపరపనస తొక్కు. మా పెరట్లో చెట్టుంది కాబట్టి నాకు వెంటనే తెలిసింది, బాబాయి కూడా అదే మాటన్నాడు. సబ్బుతో కడుక్కున్నా రాత్రి దాకా చేతులు వదల్లేదు.

తర్వాత టాప్‌రూమ్, అంటే బ్రూవరీలోనే బీరు పోసిచ్చే హాలు. తల పూర్తిగా నెరిసిన బాబాయిని కూడా గుర్తింపు కార్డు చూపించమన్నారు. 21 నిండాయా లేదా అని చూస్తున్నారంటే ఆయన తెగ సంబరపడ్డాడు. ఇండియా నుంచి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు వెంట ఉంచుకుంటే గొడవుండదు. చిన్న గ్లాసుల్లో వరసగా తెచ్చే టేస్టర్లు తీసుకున్నాం. రుచుల వరస ఎలా పెట్టుకోవాలో కౌంటర్లో అబ్బాయిని అడిగితే తేలిక నుంచి బరువుకి వెళ్లమన్నాడు. ఆ మాట వినాలి. చేదు బీరు ముందు తాగితే తర్వాతది ఏదైనా నీళ్లలాగే ఉంటుంది.

ముందు పేల్ ఏల్. 5.6 శాతం ఆల్కహాల్, చేదు కొలత 38 ఐబీయూ. ఇన్నేళ్లుగా తాగుతున్నదే, కానీ ఇక్కడ ఆ పంపరపనస వాసన గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే తగిలింది. షాపు సీసాలో ఆ వాసన సగానికి సగం పోయి, తియ్యటి మాల్టు మాత్రం ముందుకొస్తుంది. కారణం పెద్ద రహస్యం కాదు. హాప్స్ వాసన నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. లారీలో, గోడౌన్లో, షాపు అరలో గడిపిన కాలమంతా బీరు మీద కనిపిస్తుంది. సీసాలో కొంచెం ఈస్టు వదిలి అక్కడే గ్యాసు పుట్టించే పద్ధతి వాళ్లది. ఆ ఈస్టు కాస్త కాపు కాస్తుంది కానీ ఎంతకాలమని. నేను 90 వేశాను. బాబాయి 75 వేసి, "కింగ్‌ఫిషర్ కంటే చేదు, కానీ నోట్లో ఇంకా ఏదో మిగులుతోంది" అన్నాడు. ఆ తర్వాత ఇంటికొచ్చాక నేను షాపులో సీసా మీద, డబ్బా అడుగున తయారీ తేదీ చూడకుండా ఏ హాప్స్ బీరూ కొనడం లేదు.

హేజీ లిటిల్ థింగ్, 6.7 శాతం, 35 ఐబీయూ. 2018లో వచ్చి బాగా అమ్ముడైన బీరు. వడకట్టని మబ్బు రంగు, మామిడి, అనాస లాంటి పళ్ల వాసన, చేదు తక్కువ. బీరంటే మొహం చిట్లించేవాళ్లకి ఇది నచ్చుతుంది. నాకు సగం గ్లాసుకే మొహం మొత్తింది, 60. బాబాయి 70.

టార్పిడో 7.2 శాతం, 65 ఐబీయూ. 2009 నుంచి వస్తోంది. హాప్స్ దట్టించిన స్టీలు గొట్టంలోంచి బీరుని తిప్పి తిప్పి వాసన పట్టిస్తారు, ఆ గొట్టం పేరే బీరుకి పెట్టారు. పైన్ జిగురు వాసన, నాలుక వెనక చాలాసేపు నిలిచే చేదు. ఒక గుక్క తాగి బాబాయి "ఇది తాగినందుకు వాళ్లే మనకి డబ్బులివ్వాలిరా" అని గ్లాసు నా వైపు తోసేశాడు. ఫెయిల్. నేను ఒట్టి బీరుకైతే 65, వేడి పిజ్జాతో కలిపి తాగినప్పుడు 80. కొవ్వు, ఉప్పు పడగానే చేదు అదుపులోకొస్తుంది. చిన్న గ్లాసులో రెండు గుక్కలు తాగి ఇలాంటి బీరుకి మార్కులెయ్యడం అన్యాయం అనిపించింది.

స్టౌట్ 5.8 శాతం. నల్లగా, మాడిన కాఫీ గింజల వాసనతో. పొద్దునా సాయంత్రం డికాక్షన్ తాగే ఇంట్లోవాళ్లకి ఇది పరాయిగా అనిపించదు. ఇద్దరం 80 వేశాం. కంపెనీ కాచిన మొదటి బీరు ఇదే రకమని తెలిసి తాగితే ఇంకో ఐదు మార్కులు పడొచ్చు, అది మనసు చేసే మాయ.

చివరికి బిగ్‌ఫుట్. బార్లీ వైన్ అంటారు కానీ బీరే. 9.6 శాతం, 90 ఐబీయూ, 1983 నుంచి ప్రతి చలికాలం ఒకసారి వదులుతారు. ఎర్రటి గోధుమరంగు, ముదర కాచిన బెల్లం పాకం వాసన, దాని వెంటే మొహం మీద కొట్టినట్టు చేదు. తాజాది ఇలా మొండిగానే ఉంటుందట, సీసాల్లో ఏళ్ల తరబడి దాస్తే చేదు మెత్తబడి పాకం రుచి పైకొస్తుంది. అందుకే కొంతమంది ఏడాదికో పెట్టె అటక మీద పెడతారు. ఈ ఒక్కదానికే తాజాదనం లెక్క తిరగబడుతుంది. 70 వేసి, రెండు సీసాలు దాచడానికి కొనుక్కున్నాను. బాబాయి దీనికి 85 ఇచ్చాడు. టార్పిడోని ఫెయిల్ చేసి దీనికి ఫస్ట్ క్లాసేంటని అడిగితే, "అందులో చేదొక్కటే ఉంది, ఇందులో చేదుకి సమానంగా తీపుంది, రెండు వైపులా సరిపోయింది" అన్నాడు. లెక్కల మాస్టారు కదా.

తిండి, సర్వీసు మాటకొస్తే రెండూ బాగున్నాయి. ఆవాలు నూరిన మస్టర్డ్‌తో వచ్చే ప్రెట్జెల్ తప్పక తీసుకోండి. శాకాహారులకి పిజ్జాలు, సలాడ్లు ఉన్నాయి కానీ కారం వెతుక్కోవాలి, మాలాగే జేబులో పచ్చిమిరపకాయలు పెట్టుకోవచ్చు. శనివారం సాయంత్రం హాలు బాగా గోలగా ఉంటుంది, పెద్దవాళ్లతో వెళ్తే మధ్యాహ్నం మేలు. ప్రతి గ్లాసుకీ పక్కన మంచినీళ్లు అడక్కుండానే పెట్టారు. టిప్పు 20 శాతం దాకా ఇవ్వడం ఇక్కడ రివాజు, బడ్జెట్లో అది కలుపుకోండి.

మర్నాడు పొద్దున్నే ఏరు వెంట బిడ్వెల్ పార్కులో నడిచాం. తల తేలికైంది. ఈ ఊరు కట్టిన జాన్ బిడ్వెల్ 1892లో మద్యనిషేధ పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినాయన. ఆయన ఊరే ఇవాళ బీరుతో పేరు తెచ్చుకుంది. ఆయన భవనం చూద్దామనుకునేవాళ్లకి నిరాశే, 2024 డిసెంబరులో కాలిపోయింది. అక్కణ్ణుంచి కారులో పారడైజ్ కొండెక్కాం. 2018 నవంబరు 8న మొదలైన కార్చిచ్చులో ఈ ఊళ్లో, చుట్టుపక్కల కలిపి 85 మంది పోయారు. కొత్త ఇళ్లు లేచాయి, మధ్యమధ్య ఒట్టి పునాదులు, ఇంటి దాకా వెళ్లి ఆగిపోయే సిమెంటు బాటలు. అప్పట్లో సియెర్రా నెవాడా రెజిలియెన్స్ అనే ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే రకం బీరు) కాచి, తయారీ విధానం అందరికీ ఇచ్చేసి, అమ్మిన డబ్బు మొత్తం బాధితులకేనంటే 1,400కి పైగా బ్రూవరీలు అదే బీరు కాయడానికి ముందుకొచ్చాయి. దానికి మార్కులేద్దామన్నా టాప్‌రూమ్‌లో లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి నెలల సంగతి. బాదం పూలు, బిగ్‌ఫుట్ రెండూ కలిసొచ్చేది ఫిబ్రవరి చివర్లో. అప్పుడు బ్రూవరీ పక్కనున్న వాళ్ల సొంత హాప్ తోటలో మాత్రం ఒట్టి స్తంభాలే ఉంటాయి. ఆ ఏడాది కోసిన హాప్స్‌తో చేసే సెలబ్రేషన్ ఐపీఏ తాగాలంటే నవంబరు, డిసెంబరు. 1981 నుంచి వస్తున్న ఆ బీరు కోసమే నేను ఇంకోసారి వెళ్తాను. జూలైలో మాత్రం వద్దు. 40 డిగ్రీలు అక్కడ మామూలే, ఆ ఎండకి బెజవాడ చాలు.