అనంతపురంలో జాబ్ కన్సల్టెన్సీ: ఆరు రోజుల్లో ఉద్యోగం, లేని ఎనుము ఒకటి

ఈ కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. రాస్తే ఫోన్ చేస్తారు. అక్కడి మేడమ్ "ఏం తమ్ముడూ, ఇట్ల రాస్తివే" అంటే నేను అక్కడికక్కడే తీసేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అనంతపురంలో ఇట్లాంటి ఆఫీసులు చాలానే ఉన్నాయి. కింద మందుల షాపో మొబైల్ షాపో, పక్కన ఇరుకు మెట్లు, పైన గాజు తలుపు మీద "100% జాబ్ గ్యారంటీ" అని స్టిక్కరు. నేను పోయింది వాటిలో ఒకటి. వాళ్లు నన్ను మోసం చేయలేదు. చెప్పినవన్నీ చెప్పినట్టే చేశారు. అందుకే ఈ రివ్యూ రాయడానికి ఇన్ని నెలలు పట్టింది.

నా గురించి రెండు ముక్కలు. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. బీకాం చదివాను. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లు వచ్చాయి కదా, వాటిలో ఒకదాంట్లో స్టోర్స్‌లో కాంట్రాక్టు మీద రెండేళ్లు చేశాను. నెలకు 14,000. కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ పిలవలేదు. మూడు నెలలు ఇంట్లోనే ఉన్నాను. మా నాయన ఒక్క మాట అనలేదు గానీ, నా బండికి పెట్రోలు పోయించడం మాత్రం మానేశాడు.

ఇక సర్వీసు సంగతి. రిజిస్ట్రేషన్ 500 రూపాయలు. రసీదు ఇచ్చారు, చేత్తో రాసిందే అయినా తేదీ, సంతకం ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక సగం నెల జీతం ఫీజు, రెండు కంతుల్లో, అంటే వాయిదాల్లో, కట్టొచ్చు. (కంతులు వసూలు చేసే ఉద్యోగానికి ఫీజు కూడా కంతుల్లోనే కట్టానని తర్వాతెప్పుడో తట్టింది.) కుర్చీలు, ఫ్యాను, చల్లటి నీళ్ల క్యాను ఉన్నాయి. మేడమ్ నా రెజ్యూమె చదివి, "హాబీస్: లిజనింగ్ మ్యూజిక్" అనే లైను కొట్టేసింది. మూడు నెలల గ్యాప్ ఎట్లా దాచాలని అడిగితే, "దాచడమెందుకు? సేద్యంలో నాయనకు సాయం చేశానని చెప్పు, నిజమే కదా" అనింది. నిజమే. ఆ ఒక్క మాటతో ఆమె మీద నాకు గురి కుదిరింది.

నాలుగో రోజు మాక్ ఇంటర్వ్యూ. చేసేది ఇంకొక సారు, ఇంతకుముందు ఏదో ఫైనాన్స్‌లో బ్రాంచ్ మేనేజర్‌గా చేసినాయన. చాలా శ్రద్ధగా చేశాడు, అందులో వంక పెట్టలేను. ఉద్యోగం మైక్రోఫైనాన్స్‌లో ఫీల్డ్ ఆఫీసర్, అంటే ఊళ్లలో ఆడవాళ్ల గ్రూపులకు చిన్న లోన్లు రాసి, కంతులు వసూలు చేసే పని. మొదటి ప్రశ్న: "గ్రూపులో ఒకామె కంతు తేలేదు, ఏం చేస్తావ్?" దానికి జవాబు నాకు తెలుసు, మా అమ్మ కూడా ఇట్లాంటి గ్రూపులో ఉండింది. అందరూ ఒకరికొకరు జామీను కాబట్టి మిగతావాళ్లు వేసుకుని కట్టాలి. రెండో ప్రశ్న: "కస్టమర్ ఆదాయం లోనుకు సరిపోలేదు. ఏం చేస్తావ్?"

"లోన్ ఇవ్వము సార్" అన్నాను.

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "ఇట్ల చెప్తే నీకు ఉద్యోగం ఇయ్యరబ్బా." సరైన జవాబు ఏమిటంటే, "వేరే ఆదాయ మార్గాలు ఏమున్నాయో కస్టమర్‌ను అడిగి తెలుసుకుంటాను సార్." నాలుగుసార్లు చెప్పించాడు. నాలుగోసారి అయ్యాక, "చూడు, ఇందులో అబద్ధం ఏమన్నా ఉందా?" అని అడిగాడు. వెతికినా కనపడలేదు. ఆరో రోజు అసలు ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. అదే జవాబు చెప్పాను. జీతం 17,000, పెట్రోలుకు 3,000, టార్గెట్ దాటితే ఇన్సెంటివ్.

ఇంటికి పోయి చెప్తే మా అమ్మ జీతమెంత అని అడగలేదు. "కంతులోళ్ల పనా?" అనింది. 2010 అక్టోబర్‌లో మైక్రోఫైనాన్స్ మీద రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. అప్పుల ఒత్తిడికి జనం ప్రాణాలు తీసుకుంటున్నారని పేపర్లలో రోజూ వచ్చేది. మా వీధిలో అంతకుముందు వారం వారం ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆయన వచ్చే రోజు మా అమ్మ పొద్దున్నే పక్కింట్లో చేబదులు అడగడం నాకు గుర్తుంది. ఇప్పుడు అట్ల లేదమ్మా, ఆర్‌బీఐ రూల్స్ వచ్చాయి అని చెప్పాను. నమ్మే చెప్పాను.

రూల్స్ నిజంగానే ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. ఆ ఇంటి అప్పులన్నిటి కంతులూ కలిపి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. బాకీ కోసం పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. ముందే అనుకున్న చోటికి వరుసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి పోవాలి. మంచి రూల్స్. అయితే ఆ సగం లెక్క ఉంది చూడండి, దానికి ఆదాయం ఎంతో ముందు తెలియాలి. శెనక్కాయ రైతు ఇంట్లో నెల ఆదాయం అంటే ఏమిటి? ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పడినట్టు అనుకునే జిల్లా మాది. ఆ వాన కూడా కాయ ఊరే టైముకు పడితేనే డబ్బు. ఫారంలో మాత్రం ప్రతి నెలకూ ఒక అంకె ఉండాలి. ఆ అంకె రాసేది ఫీల్డ్ ఆఫీసర్.

చేరిన ఆరో వారంలో ఒకామె ఫారం నింపాను. రెండెకరాల శెనక్కాయ, రెండు మేకలు, ఉపాధి పని ఉన్నప్పుడు ఉపాధి పని. భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు. అన్నీ కలిపి ఎంత సాగదీసినా నెలకు 9,000. ఇప్పటికే రెండు చోట్ల కంతులు కలిపి 3,100 కడుతోంది. కొత్తది 45,000, 24 నెలలు, కంతు 2,380. మొత్తం 5,480. సగం లెక్కలో 4,500 దాటకూడదు. మా బ్రాంచ్ సారుకు ఫోన్ చేశాను. "వేరే ఆదాయ మార్గాలు అడిగినావా?" అన్నాడు. ఆ వాక్యం విని నవ్వొచ్చింది. ఎవరికి ఎవరు నేర్పించారో గానీ అక్షరం తేడా లేదు.

అడిగాను. "ఏముంటాయి సార్" అనింది. ఆ నెల నా టార్గెట్‌కు ఇంకా మూడు లోన్లు తక్కువ. పశువుల కాలమ్ ఖాళీగా ఉంది. ఎనుము (గేదె) 1 అని రాశాను, పాల మీద నెలకు 2,500. మొత్తం 11,500, అందులో సగం 5,750. పాసైంది. సంతకం ముందు ఫారం చదివి వినిపించాలి కాబట్టి ఆమెకు చదివి వినిపించాను. ఎనుము దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం తగ్గింది. ఆమె నా మొహం చూసి, ఏమీ అనకుండా సంతకం చేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆమెకు ఆ డబ్బు కావాలి. కూతురు నర్సింగ్ చేరింది, ఫీజు గడువు ఉంది. మేము కాదంటే ఊళ్లో అయిదు రూపాయల వడ్డీకి పోయేది, అంటే ఏడాదికి నూటికి అరవై. మా దగ్గర ఏడాదికి నూటికి 24. "నువ్వు నీతి అని కూర్చుంటే నష్టపోయేది ఆమె" అని బ్రాంచ్ సారు అన్నాడు. దానికి జవాబు నాకు ఆరోజూ దొరకలేదు, ఇప్పుడూ లేదు. కాకపోతే ఒకటి గమనించాను. ఆమెకు మేలు జరుగుతుందనే వాదన ఎప్పుడూ నెల చివరి వారంలోనే గట్టిగా వినిపించేది.

తర్వాతి సెంటర్ మీటింగ్‌లో అందరూ చాప మీద కూర్చున్నారు. నేను వసూళ్లు ట్యాబ్‌లో కొడుతున్నాను. ఆమె కంతు కట్టి, డబ్బు లెక్కపెట్టించి, "ఏం సార్, నా ఎనుము పాలిస్తాందా?" అనింది.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కోపం లేదు, ఎగతాళి కూడా పెద్దగా లేదు. చుట్టాన్ని ఆటపట్టించినట్టు అనింది. గ్రూపు లీడరు అందుకుని "నాదీ ఒకటి రాయండి సార్, కాగితం మీద మేత ఖర్చు ఉండదు కదా" అనింది. మళ్లీ నవ్వులు. టీ కూడా తాగించారు. బండి మీద తిరిగొస్తూ లెక్క వేశాను, అప్పటికి నేను రాసిన ఎనుములు నాలుగు, ఒక కుట్టుమిషన్, ఒక చిల్లరంగడి. నా సొంత మందే అయింది.

వెంటనే మానేశానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఇంకో ఏడు వారాలు చేశాను. ఇంట్లో అమ్మ దగ్గర దాచిన జీతం డబ్బులు కొంచెం పెరగనిద్దాం అనుకున్నాను. చివరికి మానేసింది వేరే దానికి. ఒకరి ఇంటి ముందు గ్రూపు మొత్తాన్ని రాత్రి ఎనిమిది దాకా కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టాను. పొద్దున రాజీనామా మెసేజ్ పెట్టాను. దాని గురించి ఇంకేమీ రాయను.

ఇప్పుడు మళ్లీ కన్సల్టెన్సీ దగ్గరికి వస్తాను. 90 రోజుల్లో ఉద్యోగం పోతే ఇంకొకటి ఉచితంగా చూపిస్తామని రసీదు వెనక ఉంది. నేను మానేసింది 104వ రోజు. రూలంటే రూలు, అందులో తప్పు పట్టను. తప్పు పట్టేది ఒకదానికి: చేరేటప్పుడు టెన్త్ ఒరిజినల్ సర్టిఫికెట్ ఇవ్వాలని వీళ్లకు తెలుసు, నాకు ముందే చెప్పలేదు. జాయినింగ్ రోజు అక్కడికి పోయాక తెలిసింది. మానేశాక దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మూడు వారాలు తిరిగాను. మేడమ్ రెండుసార్లు ఫోన్ చేసి సాయం చేసింది, ఆ మాటా చెప్పాలి. మీరు పోతే జిరాక్స్ మాత్రమే ఇస్తామని రిజిస్ట్రేషన్ రోజే చెప్పండి.

ఇంకా, ఏ ఉద్యోగం చూపించినా జీతం తర్వాత అడగండి. టార్గెట్ ఎంత, అది అందకపోతే ఏం చేస్తారు, ఇంతకుముందు ఆ సీట్లో ఉన్నవాడు ఎందుకు మానేశాడు, ఇవి ముందు అడగండి. నేను అడగలేదు. అడిగుంటే మేడమ్ చెప్పేదనే నా నమ్మకం, ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. డబ్బు కట్టే ముందు కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) పోర్టల్లో పేరు నమోదు చేసుకోండి, 2015 నుంచి ఉంది, ఫీజు లేదు. నాకు అందులోంచి కాల్ రాలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఒక శెనక్కాయ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. 13,500. సీజన్‌లో దుమ్ముకు రాత్రి దాకా దగ్గు. ఇక్కడ బస్తాలు కాటా వేస్తారు, కాటా ఎంత చూపిస్తే అంత రాస్తాను. ఆ కాటా సంగతి నన్ను అడగొద్దు, అది నా పని కాదు. ఇది రాసి చదువుకున్నాక ఈ లైను కొట్టేద్దామా అనుకున్నాను. ఉండనివ్వండి.

పోయిన నెల, అప్పట్లో విడిభాగాల యూనిట్‌లో నాతో పనిచేసిన పిల్లోడు ఫోన్ చేశాడు. వాడి కాంట్రాక్టు కూడా అయిపోయింది, నాయనకు డయాలసిస్. "అన్నా, ఏదైనా పర్లేదు, వారంలో కావాల" అన్నాడు. ఎనుము కథ మొత్తం చెప్పాను. విన్నాడు. "జీతం ఎంతన్నా?" అని అడిగాడు. చెప్పాను. నంబరు కూడా ఇచ్చాను.

సర్వీసు వరకైతే నాలుగు స్టార్లు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. పొద్దున పదకొండు లోపు పోతే కూర్చోవడానికి కుర్చీ దొరుకుతుంది.