పునీత నికోలస్ కోసం డెమ్రే, బారి: ఏ ఊరికి వెళ్లాలి?

క్రిస్మస్ తాత కథకు మూలమైన పునీత నికోలస్ మంచు దేశాలవాడేమీ కాదు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీ దక్షిణ తీరాన ఉన్న మైరా పట్టణానికి బిషప్. ఆ మైరా ఉన్నచోట ఇప్పుడున్న ఊరు డెమ్రే. ఆయన్ను పాతిపెట్టింది అక్కడే, కానీ అస్థికలు అక్కడ లేవు, 1087లో ఇటలీలోని బారి నావికులు వాటిని ఓడలో ఎత్తుకెళ్లిపోయారు. రెండు ఊళ్లూ చూశాను కాబట్టి, ఒక్కదానికే వీలయ్యేవాళ్లకు ముందే చెప్పేస్తా: ప్రార్థన చేసుకోవాలంటే బారి, ఆయన ఎలాంటి చోట బతికాడో తెలియాలంటే డెమ్రే.

డెమ్రేకి అంటాల్యా బస్టాండు నుంచి చిన్న బస్సులుంటాయి. ఫినికె మీదుగా సముద్రం పక్కనే మలుపుల రోడ్డు, చూడ్డానికి బాగుంటుంది గానీ కడుపులో తిప్పేవాళ్లు మాత్ర వేసుకుని ఎక్కాలి. ఊరంతా టమాటాల గ్రీన్‌హౌస్‌లే. నికోలస్ పేరిట ఉన్న చర్చి ఇప్పుడు మ్యూజియం, టికెట్ కొనాలి, విదేశీయులకు అది చవకేం కాదు. నది మట్టి మేట వేసి పాత చర్చి భూమట్టానికి కిందకి పోయింది, మెట్లు దిగి వెళ్లాలి. రంగురాళ్ల నేల, వెలసిన కుడ్యచిత్రాలు, ఆయనదని చెప్పే పగిలిన రాతి సమాధి ఒకటి. రష్యన్ భక్తులు దాని ముందు ఆగి శిలువ గుర్తు వేసుకుంటున్నారు, వెనకాలే గైడ్లు తొందరపెడుతున్నారు. ప్రశాంతంగా కూర్చుందామంటే కుదరదు, తెరిచే వేళకే వెళ్లడం మేలు.

అయినా నాకు డెమ్రే నచ్చింది. కట్నం ఇవ్వలేక ముగ్గురు కూతుళ్ల బతుకు ఏమవుతుందోనని కుమిలిపోతున్న తండ్రి ఇంట్లోకి నికోలస్ రాత్రిపూట రహస్యంగా బంగారం మూట విసిరాడని ఆయన గురించి బాగా ప్రచారంలో ఉన్న కథ. పెళ్లికి కట్నం బాధ ఎంతటిదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి, గిఫ్టుల తాత కంటే ఈ బిషప్పే నాకు దగ్గరగా అనిపించాడు. చర్చి చూశాక మైరా రాతి సమాధులు, రోమన్ థియేటర్ వదలకండి, ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. రాత్రి బస మాత్రం కాష్ (Kaş) అనే తీర పట్టణంలో పెట్టుకోండి. డెమ్రేలో నేను దిగిన చోట గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

బారిలో ఆ ఇబ్బందులేం లేవు. ఎయిర్‌పోర్టు నుంచి రైలు, స్టేషన్ నుంచి పాత ఊరికి నడిచేయొచ్చు. ఆయన పేరిట ఉన్న పెద్ద చర్చి, సాన్ నికోలా బసిలికాలోకి టికెట్ లేదు. అస్థికలు కింది గదిలో, స్తంభాల మధ్య ఉన్నాయి. అక్కడ కాథలిక్కులూ ఆర్థొడాక్స్ వాళ్లూ పక్కపక్కనే నిలబడి ప్రార్థిస్తారు, నేను బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నా లెమ్మన్నవాళ్లు లేరు. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. సమాధిలో చేరే నీటిని ‘మన్నా’ అంటారు, ఏటా మే 9న తీస్తారు, మామూలు నీళ్లలో కలిపి చిన్న సీసాల్లో అమ్ముతారు. మహిమ అని భక్తులంటారు, రాతిలో చేరే తేమ అని మరికొందరు. నేను ఒక సీసా కొన్నా, అమ్మ కోసం.

వెనిస్ వాళ్లు కూడా తమ దగ్గర కొన్ని అస్థికలున్నాయంటారు. 1950లలో బారి సమాధి తెరిచి పరీక్షించారు, తర్వాత వెనిస్‌వి కూడా చూసి, రెండూ ఒకే మనిషివి కావచ్చన్నారు. అయినా బారి చూస్తే చాలు, వాటి కోసం వెనిస్‌దాకా పరుగెత్తాల్సిన పని లేదు.

పాత ఊరి సందుల్లో గుమ్మాల ముందు ఆడవాళ్లు చెవి ఆకారంలో పాస్తా చేస్తుంటారు, ఫొకాచా రొట్టె చవక, కడుపు నిండుతుంది. ఆ సందుల్లోని గదులు ముచ్చటగా ఉంటాయి గానీ ఇరుకు మెట్లు, లిఫ్టు ఉండదు. పెద్దవాళ్లను తీసుకెళ్తే స్టేషన్ వైపు హోటల్ చూసుకోండి, పైన సిటీ ట్యాక్స్ విడిగా కట్టాలి. మే 8న విగ్రహాన్ని పడవలో సముద్రం మీదకి తీసుకెళ్తారు, ఆ రోజుల్లో వెళ్లేటట్టయితే గది చాలా ముందే బుక్ చేయాలి. గుంపులు పడనివాళ్లకి ఆయన పండగ రోజైన డిసెంబర్ 6 అయిపోయాక, క్రిస్మస్ రద్దీ మొదలవకముందు వచ్చే వారం బాగుంటుంది.