స్పెయిన్‌లో గ్రూప్ రేటుకి హోటల్ తీసుకుంటున్నారా? డిపాజిట్ కాగితం చదివాకే డబ్బు కట్టండి

జూన్ చివర్లో డ్యూసెల్‌డార్ఫ్ నుంచి నాలుగు కుటుంబాలం కలిసి స్పెయిన్ వెళ్లొచ్చాం. హైదరాబాద్ నుంచి వచ్చిన మా అత్తయ్య, మామయ్యలతో కలిపి పెద్దవాళ్లం పదిమంది, పిల్లలు నలుగురు. బార్సిలోనా దాటి కోస్టా బ్రావా తీరంలో ఉండే లోరెట్ డి మార్‌లో ఐదు రూములు, ఐదు రాత్రులు, పొద్దున టిఫిన్, రాత్రి భోజనంతో సహా. బార్సిలోనాలో రూముకే అయ్యే డబ్బుకి ఇక్కడ తిండి కూడా వచ్చేస్తోందని సంబరపడ్డాం. ఊరిని ఒక్క మాట అనను. శాంటా క్లోటిల్డే తోటలో కూర్చుని కింద సముద్రం చూస్తుంటే మామయ్యకి లేవబుద్ధి కాలేదు. 23వ తేదీ రాత్రి సంత్ జొవాన్ పండగకి బీచ్‌లో కాల్చిన టపాసులు చూసి పిల్లలు దీపావళే అనుకున్నారు. నా గొడవంతా హోటల్ వాళ్లు పట్టుకున్న 700 యూరోల డిపాజిట్ గురించే.

చెకిన్‌కే గంట పట్టింది. అక్కడి హోటళ్లు అందరి పాస్‌పోర్టు వివరాలూ రాసుకుని పోలీసు శాఖకి పంపాలి, అది రూలు. టూరిస్టు టాక్స్ కూడా రూలే. కాటలోనియాలో తలకి, రాత్రికి ఇంతని విడిగా కట్టాలి. 16 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకి లేదు. ఏడు రాత్రులకి మించి లెక్కెయ్యరు. ఆన్‌లైన్‌లో కనిపించే రేటులో చాలాసార్లు ఇది కలిసి ఉండదు కాబట్టి చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఇవన్నీ అయ్యాక రిసెప్షన్ అమ్మాయి ఇంకో కాగితం తీసింది. గ్రూప్ బుకింగ్ కాబట్టి తలకి 50 యూరోల ఫియాన్సా, అంటే డిపాజిట్, అదీ క్యాష్. మూడేళ్ల మా చిన్నదానికి కూడా 50. "ఇదేం విరగ్గొడుతుందమ్మా?" అని మామయ్య ఆ అమ్మాయిని తెలుగులోనే అడిగారు. బుకింగ్ మెయిల్ వెతికితే ఈ షరతు ఉంది, అటాచ్‌మెంట్‌లో ఎక్కడో చివర, స్పానిష్‌లో. ఏటీఎంకి రెండు ట్రిప్పులేసి కట్టాం. ఒక చీటీ ఇచ్చారు. మొత్తం అంకె సరిగ్గా ఉందో లేదో చూసి పర్సులో పెట్టేశాను.

జర్మనీలో ఉండేవాళ్లకి తెలిసే ఉంటుంది, స్కూలు ఆఖరి పరీక్ష అబీ అవగానే కుర్రాళ్లు బస్సులెక్కి పార్టీలకి పోయే ఊళ్లలో ఇదొకటి. మా మూడో అంతస్తులో మిగతా రూములన్నీ వాళ్లవే. మూడో రోజు తెల్లారి అత్తయ్య కాఫీకని తలుపు తీసి, "ఎవరే ఇక్కడ ముగ్గుపిండి ఒలకబోసింది?" అన్నారు. లిఫ్టు దగ్గర్నుంచి మా గుమ్మాల దాకా తెల్లటి పొడి, దాని మీద చెప్పుల గుర్తులు. రాత్రి ఎవరో గోడకున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పీకి ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. వెంటనే కిందికి వెళ్లి చెప్పాను. "మాకు తెలుసు, మీకేం సంబంధం లేదు" అన్నాడు డ్యూటీలో ఉన్నతను. ఆ మాట నమ్మి ఊరుకున్నాను. ఫొటో తియ్యలేదు, మెయిలూ పెట్టలేదు.

చివరి రోజు మా ఫ్లైట్ తెల్లవారుజామున, వ్యాను మూడుంపావుకి. చీటీ తీసి ఇస్తే నైట్ డ్యూటీ అతను వేలు పెట్టి కింది లైను చూపించాడు. రూముల తనిఖీ ఉదయం 9 తర్వాతే, తనిఖీ అయ్యాకే డబ్బు. క్యాష్ పెట్టె తాళం కూడా తన దగ్గర లేదట. బయట వ్యాను హారన్, భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు. ఫిర్యాదు ఫారం, వాళ్ల భాషలో ఓహా దె రెక్లమాసియోన్, అడిగాను. స్పెయిన్‌లో హోటల్ అన్నాక అడిగినవాళ్లకి ఆ ఫారం ఇచ్చి తీరాలి. ఇతను మాత్రం మేనేజర్ గదిలో ఉన్నాయి, తాళం వేసుంది అన్నాడు. అకౌంట్ నంబరు రాసిచ్చి వచ్చేశాం.

ఐదు వారాలకి 540 యూరోలు వచ్చాయి. కారిడార్ క్లీనింగ్‌కీ ఎక్స్‌టింగ్విషర్‌కీ కలిపి 320 అయిందట, ఆ అంతస్తులో ఉన్నది రెండు గ్రూపులు కాబట్టి చెరి సగమట. వాళ్లు నలభై మంది దాకా ఉన్నారు, మేం పద్నాలుగు మంది. పోనీ అల్లరి చేసింది మేమా అంటే, ఆ టైముకి మావాళ్లంతా గురకలు పెడుతున్నారు!

కాబట్టి గ్రూప్‌గా వెళ్లేవాళ్లు బుక్ చేసేముందే మెయిల్‌లో అడగండి: డిపాజిట్ ఎంత, పిల్లలకీ ఉందా, కార్డు మీద బ్లాక్ చేస్తారా, మా చెకౌట్ టైముకి తిరిగిచ్చేవాళ్లు ఉంటారా, ఏ అంతస్తు ఇస్తారు. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. తెల్లవారుజాము ఫ్లైట్ అయితే ముందురోజు సాయంత్రమే రూములు చూపించి, బాగానే ఉన్నాయని సంతకం పెట్టించుకోండి. ఫిర్యాదు ఫారం కూడా పగలే అడగండి.

తిండి సంగతి కూడా చెప్పాలి. వెజ్ అని చెప్తే బఠాణీల కూరలో హామ్ ముక్కలు, సలాడ్‌లో ట్యూనా. మాంసం వద్దంటే సరిపోదు, చేప వద్దు, హామ్ వద్దు అని విడివిడిగా చెప్పాలి. అత్తయ్య ఐదు రోజులూ బ్రెడ్డు, ఆమ్లెట్, తెచ్చుకున్న కందిపొడితో నెట్టుకొచ్చారు. రాత్రి భోజనంలో డ్రింక్స్ కలవవు, నీళ్ల సీసాకీ బిల్లు వేశారు. సీసా నీళ్లు కాకుండా మామూలు నీళ్లు ఉచితంగా ఇవ్వాలని అక్కడ 2022లో చట్టమే వచ్చింది. నాకా సంగతి ఇంటికొచ్చాక తెలిసింది.

మిగతా 160 కోసం జర్మనీలో కేల్‌లో ఉన్న యూరోపియన్ కన్జ్యూమర్ సెంటర్‌కి రాశాను. వేరే ఈయూ దేశంలోని హోటల్‌తో తగువైతే వాళ్లు ఫీజు లేకుండానే సాయం చేస్తారు. చీటీ స్కాన్, మెయిల్స్ పంపాను, ఇంకా జవాబు రాలేదు. అది తేలేదాకా హోటల్ పేరు బయట పెట్టను. ఈ సీజన్‌లో లోరెట్‌లో బుక్ చేసినవాళ్లెవరైనా ఉంటే, క్యాన్సిలేషన్ గడువు దాటకముందే నన్ను విడిగా అడగండి.