మా ప్రాంతీయ పశువైద్యశాల: ఏళ్ల తరబడి గొడ్లను చూపించాక

మాది కృష్ణా డెల్టా. రెండు ముర్రా గేదెలు, ఒక పెయ్య, ఇంటి కాపలాకు ఓ కుక్క. వీటన్నిటికీ ఏళ్లుగా పక్క టౌనులోని ప్రభుత్వ ప్రాంతీయ పశువైద్యశాలే దిక్కు. ఉత్త సూదికైతే అంత దూరం పోనక్కర్లేదు, బండి మీద ఇంటికే వచ్చి పొడిచిపోయేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. నేను పోయేది అక్కడి మైక్రోస్కోపు కోసం.

కాలవ గట్ల మీద మేసే గొడ్లకు మా వైపు కార్జపు జలగల (కాలేయంలో చేరే పురుగుల) బెడద ఎక్కువ. నత్తల్లో పెరిగి, గడ్డికి అంటుకుని, మేతతో లోపలికి పోతాయి. పాలు తగ్గుతాయి, పశువు చిక్కిపోతుంది, ముదిరితే దవడ కింద నీరు దిగుతుంది. మా పెద్ద గేదెకు అలాగే అయితే ఊళ్లో కాల్షియం ఎక్కించారు, బలానికని ఏవేవో పోశారు. డబ్బులైతే అయ్యాయి గానీ దవడ వాపు తగ్గలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మగారు కనురెప్ప తిప్పి చూసి, సూది జోలికి పోకుండా ముందు పేడ తెమ్మన్నారు. అందులో జలగ గుడ్లు కనిపించాకే మందు తాగించారు. ‘‘ఇది ఎదిగిన జలగల్నే చంపుతుందండీ, పిల్లవి ఇంకా లోపలే ఉంటాయి, మళ్లీ పట్టాలి’’ అని చీటీ మీద తేదీ వేసిచ్చారు. ఊళ్లో మందు పోసేవాళ్ల నోట ఈ రెండో మోతాదు మాట నేనెప్పుడూ వినలేదు. మందు కన్నా ఆ చీటీయే నాకు ఎక్కువ మిగిల్చింది.

టీకాల లెక్కా బాగా చూస్తారు. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు, పెయ్యకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులోపు ఒక్కసారి బ్రూసెల్లా (చూడి పశువులు ఈసుకుపోయే జబ్బు) టీకా, చెవికి 12 అంకెల పోగు. కుక్కకు ఏటా రేబిస్ సూదీ అక్కడే. కాకపోతే కుక్కల్నీ గొడ్లనీ ఒకే వసారాలో నిలబెడతారు. మా వాడు మొరిగితే బోనులో ఉన్న గేదె బెదిరి తన్నబోయింది.

మందులు మాత్రం సగం రోజులు ఉండవు, బయట కొనుక్కోమని రాసిస్తారు. చూడి కట్టించడానికి తోలుకొచ్చిన గొడ్లు ఎక్కువైతే మిగతావాళ్లు ఎండలో పడిగాపులే. రాత్రిపూట గేదె ఈనలేక అవస్థ పడుతుంటే తలుపు తట్టడానికి అక్కడ మనిషి ఉండడు. ఇంత పెద్ద ఆస్పత్రికి ఇది నాకు మింగుడుపడని లోటు. పగలైతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయొచ్చు. 2022లో మొదలైన ఆ సంచార వాహనాల్లో పశువును ఎక్కించే లిఫ్టు కూడా ఉంటుంది, లేవలేని గొడ్డుకు అదే ఆధారం.

పేడ పరీక్షకు వెళ్లేవాళ్లు పొద్దున వేసిన తాజా పేడ, మట్టి అంటనిది, మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లండి. ఎండిపోయింది తీసుకెళ్తే వెనక్కి పంపేస్తారు.