అశోక్‌నగర్‌లో నెల రోజుల ఎకానమీ బ్యాచ్: ఒక పాఠం గురించి నా అభిప్రాయం

గ్రూప్-2కు చదువుతున్న నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నెల రోజుల ఎకానమీ బ్యాచ్‌లో చేరాను. ఫీజు రూ.2,500, మెటీరియల్ కూడా అందులోనే ఇచ్చారు. బడ్జెట్, బ్యాంకింగ్, ప్రణాళికల పాఠాలు చక్కగా సాగాయి. వృద్ధి, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం మధ్య సంబంధాన్ని మాత్రం మూడు రోజులు చెప్పారు. ఉద్యోగం కోసమే ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని ఉంటున్న మాకు అంతకంటే దగ్గరి పాఠం మరొకటి లేదు కనుక, దాని గురించే వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు క్లాసు చాలా బాగుంది. 1861 నుంచి 1957 వరకు బ్రిటన్‌లోని వేతనాలను, నిరుద్యోగాన్ని పోల్చి ఆర్థికవేత్త ఫిలిప్స్ 1958లో ప్రకటించిన రేఖను సారు బోర్డు మీద గీసి, పనివారు దొరకనప్పుడు యజమానులు కూలి పెంచవలసి వస్తుందని, ఆ భారం చివరకు ధరల మీద పడుతుందని తెలుగు మీడియం వారికి కూడా మళ్లీ అడగనవసరం లేనంత స్పష్టంగా చెప్పారు. ఉత్పత్తి పెరుగుదలకు, నిరుద్యోగానికి అమెరికాలో ఉన్న సంబంధాన్ని ఆర్థికవేత్త ఓకున్ 1962లో ఎలా లెక్కగట్టారో కూడా అదే రోజు వివరించారు.

చిక్కు మెటీరియల్‌తో వచ్చింది. వృద్ధి పెరిగితే నిరుద్యోగం తగ్గుతుందని, నిరుద్యోగం తగ్గితే ధరలు పెరుగుతాయని అందులో భారతదేశానికి కూడా సూత్రంలా రాసేశారు. మన దేశపు లెక్కలు ఆ సూత్రానికి లొంగవు. 2020-21లో మన జీడీపీ సుమారు 6 శాతం కుంచించుకుపోయింది. ఆ ఏడాది జూలై నుంచి మరుసటి జూన్ వరకు జరిగిన శ్రామిక శక్తి సర్వేలో సాధారణ స్థితి నిరుద్యోగ రేటు (గడచిన ఏడాది మొత్తాన్ని చూసి కట్టే రేటు), అంతకుముందున్న 4.8 శాతం నుంచి 4.2 శాతానికి తగ్గింది! పట్టణాల్లో పనులు పోయినవారు ఊళ్లకు చేరి పొలాల్లో దిగడం దీనికి ఒక ముఖ్య కారణం. మొత్తం పనివారిలో వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతం ఉండగా, 2020-21 నాటికి 46.5 శాతానికి చేరింది. నా గదిలో ఉండే అమ్మాయి లాక్‌డౌన్‌లో నల్గొండ జిల్లాలోని సొంతూరికి వెళ్లి, తండ్రి పత్తి చేనులో జీతం లేకుండా కలుపు తీసింది. సర్వే లెక్కలో ఆమె ఉపాధి ఉన్న మనిషి. చేతిలో డబ్బులేని కుటుంబానికి ఖాళీగా కూర్చునే వీలుండదు. అందుకే వర్ధమాన దేశాల్లో మాంద్యం నిరుద్యోగ రేటులో కంటే తక్కువ ఆదాయపు పనుల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. ఎదురుచూడగలిగిన చదువుకున్న యువతలోనే ఆ రేటు ఎక్కువ: 2023-24లో మొత్తం మీద 3.2 శాతమైతే, 15-29 ఏళ్లవారిలో 10.2 శాతం.

ధరల భాగం కూడా అసంపూర్ణమే. 2016 నుంచి రిజర్వు బ్యాంకుకు 4 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం ఉందని, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు ఉందని రాశారు గానీ, 2012 ఆధార సంవత్సరపు వినియోగదారుల ధరల సూచీలో ఆహార పదార్థాల వాటా దాదాపు 46 శాతమన్న సంగతి రాయలేదు. వానలు పడక కూరగాయలు, పప్పుల ధరలు పెరిగితే దానికి కారణం కూలీల బేరసారాల శక్తి పెరగడం కాదు. అలాంటప్పుడు ధరలు పెరుగుతూనే, పొలం పనులు తగ్గవచ్చు కూడా. ఫిలిప్స్ రేఖలో ఈ పరిస్థితికి చోటు లేదు.

మూడో రోజు డౌట్ల సమయంలో నేను ఈ రెండు విషయాలూ అడిగాను. సారు విసుక్కోలేదు. అరగంట అదనంగా ఉండి, వ్యవసాయంలో మిగులు శ్రామికులు ఉన్నంతకాలం పట్టణ వేతనాలు అంతగా పెరగవన్న ఆర్థర్ లూయిస్ 1954 నాటి సిద్ధాంతాన్ని, ప్రచ్ఛన్న నిరుద్యోగాన్ని (ఒక పనికి అవసరమైనవారి కంటే ఎక్కువమంది అందులో ఉండటాన్ని) కలిపి చెప్పారు. నెల మొత్తంలో అత్యుత్తమమైన అరగంట అదే. అది మెటీరియల్‌లోకి ఎక్కితే ఈ బ్యాచ్‌కు నేను నిస్సంకోచంగా ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. ఇప్పటికి మూడున్నర. క్లాసుల కోసమైతే చేరండి. మెటీరియల్ ఒక్కటే జిరాక్స్ షాపులో కొనుక్కుని చదవాలనుకునేవారు మాత్రం, ఫిలిప్స్ రేఖ ఉన్న పేజీ పక్కన 2017-18 నుంచి వచ్చిన శ్రామిక సర్వే పట్టికను చేత్తో రాసి అతికించుకోండి. నా గదిలోని అమ్మాయి పుస్తకంలో నేను అదే చేశాను.